చుట్టూ వరి చేలు, ఇంట్లో మాత్రం దూరపు జిల్లా బియ్యం: ఊరి పంటను ఊళ్లోనే తినేదెలా?

కాలువగట్టు_ఇల్లు
మాది పాలకొల్లు దగ్గర ఒక చిన్న ఊరు. ఇంటి ముందు పంట కాలువ, కాలువ దాటితే కనుచూపు మేర వరి చేలు. మొన్న బియ్యం నిండుకున్నాయని కొట్టుకు వెళ్లి 26 కిలోల సంచి 1,450 రూపాయలకు తెచ్చాను. సంచి మీద ఊరి పేరు చూస్తే, అవి ఇక్కడికి మూడు వందల కిలోమీటర్ల అవతల ఆడించిన బియ్యం. అదే రోజు కొన్న టమాటాలు మదనపల్లె నుండి వచ్చాయి. బంగాళాదుంప, ఉల్లి దూరం నుండి వస్తే నాకు అభ్యంతరం లేదు కాని, వంకాయలూ బీరకాయలూ ఎక్కడివని అడిగితే కొట్టువారు చెప్పలేకపోయారు. మా అత్తగారు కాపురానికి వచ్చిన రోజుల్లో ఉప్పు, కందిపప్పు, చింతపండు తప్ప ఈ ఇంటికి బయటి నుండి వచ్చేవి దాదాపు లేవట.

మా వీధిలో పన్నెండు కుటుంబాల వాళ్లం కలిసి, ఊరి పంటను ఊళ్లోనే కొనుక్కుని తినాలని, నెలకొకసారి రామాలయం దగ్గర ఆ పంటతోనే వండుకుని అందరమూ కూర్చుని భోంచేయాలని అనుకుంటున్నాము. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎవరైనా చేసి చూశారా?

మర_బియ్యం
మా తాతగారికి ఊళ్లో చిన్న మర ఉండేది, అది మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ మర మూతపడడంలోనే ఉంది. వెనుకటి రోజుల్లో రైతు తిండికి కావలసిన ధాన్యాన్ని గడ్డి తాళ్లతో పురి కట్టి నిల్వ చేసుకుని, నెలకు ఒకటి రెండు బస్తాలు తెచ్చి ఆడించుకునేవాడు. తవుడు గేదెకు, నూకలు కోళ్లకు, ఊక పొయ్యికి వెళ్లేవి. ఇప్పుడు యంత్రంతో కోసిన పచ్చి ధాన్యాన్ని చేలోనే లారీకి ఎత్తుతున్నారు. పెద్ద మిల్లు వారు మీ రెండు బస్తాలను విడిగా ఆడించి ఇవ్వరు.

రెండవ చిక్కు, కొత్త బియ్యం అన్నం ముద్ద కడుతుంది. ధాన్యాన్ని బాగా ఎండబెట్టి కనీసం ఆరు నెలలు ఉంచగలిగితేనే ఇంట్లో అందరూ ఇష్టంగా తింటారు. కాబట్టి ముందుగా చూసుకోవలసినవి ఎండబెట్టే కళ్లం, నిల్వ చేసే గది, ఆడించే మర. పొలం సంగతి ఆ తరువాత.

లెక్క కూడా చెబుతాను. 75 కిలోల బస్తా ధాన్యం ఆడిస్తే 48 నుండి 50 కిలోల బియ్యం వస్తాయి. నలుగురున్న ఇంటికి నెలకు ముప్పై కిలోల పైచిలుకు అనుకుంటే, ఏడాదికి ఎనిమిది బస్తాల ధాన్యం కావాలి. పన్నెండు ఇళ్లకు 96 బస్తాలు. ఎకరాకు ముప్పై బస్తాల సార్వా పంట, అంటే వానాకాలపు పంట, అనుకుంటే మూడెకరాల పైచిలుకు భూమి సరిపోతుంది.

కాలువగట్టు_ఇల్లు
ఊరంతా చేలే అయి ఉండగా మాకు కావలసింది మూడెకరాలేనా! ఈ లెక్క నేనెన్నడూ వేసుకోలేదు.

ఉప్పుడు_బియ్యం
మూడెకరాలలో ఏ రకం వేస్తారన్నది అసలు ప్రశ్న. మా మండపేట వైపు దాళ్వాలో, అంటే రెండో పంటగా, వేసే బొండాలు అనే వరి రకం ఉప్పుడు బియ్యమై కేరళ వెళతాయి. అక్కడివారు ఇష్టంగా తింటారు, మన ఇళ్లలో ఆ అన్నం పెడితే పిల్లలు ముట్టుకోరు. పండించేది ఒకటి, తినేది ఇంకొకటి అయిపోయాక ఊరి పంట తినమంటే ఎలా తింటారు?

మార్టేరు_పాత_ఉద్యోగి
నేను వ్యవసాయ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. పై మిత్రులు చెప్పినది దాళ్వాకు నిజమే, సార్వాకు వర్తించదు. సార్వాలో ఈ ప్రాంతం వారు ఎన్నో ఏళ్లుగా స్వర్ణ వేస్తున్నారు. 1925లో మొదలైన మన మార్టేరు పరిశోధనా స్థానమే 1982లో ఎంటీయూ 7029 పేరుతో ఆ వంగడాన్ని విడుదల చేసింది. వశిష్ఠ అనే రకాన్ని, మషూరిని సంకరపరిచి దాన్ని తయారు చేశారు. మీరు కొట్లో కొనే సాంబ మషూరి 1986లో బాపట్లలో వచ్చినది, దానికీ ఒక వైపు చుట్టరికం మషూరితోనే. అంటే మనం ఒక చెల్లెలిని ఊళ్లో పండించి బయటికి పంపి, ఇంకొక చెల్లెలిని డబ్బు పెట్టి ఇంటికి తెచ్చుకుంటున్నాము.

స్వర్ణ గింజ సాంబ మషూరి అంత సన్నం కాదు, అంతే తేడా. 2012లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వారు 235 రకాలను పరీక్షించినప్పుడు, తిన్న తరువాత రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచే రకాలలో స్వర్ణను చేర్చారు. చక్కెర వ్యాధి భయంతో అన్నం మానేసి గోధుమ రొట్టెలకు మారినవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వారికి నేను ఈ మాట తప్పకుండా చెబుతుంటాను. అలాగని స్వర్ణ అన్నం ఎంతైనా తినవచ్చని కాదు.

కంద_బచ్చలి
మా ఇంట్లో పదేళ్లుగా స్వర్ణ పాత బియ్యమే తింటున్నాము. అలవాటు కావడానికి మాకు నెల రోజులు పట్టింది. గంజి వార్చి వండండి, పొడిపొడిగా వస్తుంది.

మక్తా_రైతు
ఇంతసేపూ బియ్యం రకం గురించి మాట్లాడారు కాని, పండించేవాడెవరని ఎవరూ అడగలేదు. నేను నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాను. పండినదానిలో దాదాపు సగం మక్తాకే, అంటే భూమి కౌలుకే, పోతుంది. విత్తనాలకు, ఎరువులకు, నాట్లకు అప్పు ఇచ్చిన కమీషను వ్యాపారి కోత రోజునే గట్టు మీద నిలబడి ఉంటాడు. ఆరు నెలలు ధాన్యం ఎండబెట్టి దాచమని మర_బియ్యం గారు చెప్పారు, అది సొంత భూమి ఉన్నవారికి సాధ్యం. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, దాని ప్రకారం కౌలుదారుకు కార్డు ఇవ్వాలంటే భూ యజమాని సంతకం చేయాలి. మా యజమాని సంతకం పెట్టలేదు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, పంట నష్టపోతే వచ్చే పరిహారం భూమి ఎవరి పేరున ఉందో వారికే పోతుంది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం వైపు తీరం దాటినప్పుడు, పాలు పోసుకుంటున్న నా చేను నేలకు ఒరిగింది. పడిన కంకులను కట్టలు కట్టి నిలబెట్టడానికి మనుషులు దొరకలేదు. మీకు ఊరి పంట మీద నిజంగా ప్రేమ ఉంటే, పంట చేతికి వచ్చాక కాదు, నాట్లు వేసే రోజున నా దగ్గరికి రండి.

కాలువగట్టు_ఇల్లు
తమ్ముడూ, మీరు చెప్పింది మా ఆలోచనలో లేనేలేదు. నాట్ల రోజున వచ్చి ఏమి చేయాలో కూడా చెప్పండి.

మక్తా_రైతు
ఇంటికి ఐదు వేల రూపాయలు ముందుగా ఇవ్వండి అక్కా. పన్నెండు ఇళ్లకు అరవై వేలు అవుతుంది. ఆ డబ్బుంటే నేను మూడెకరాలకు వ్యాపారి దగ్గర అప్పు చేయనక్కర లేదు, కోత రోజున ఎవరికి అమ్మాలో నేనే నిర్ణయించుకోగలను. 2025-26 పంటకు సాధారణ రకానికి ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు దాదాపు 1,777. తేమ 17 శాతానికి మించితే అది కూడా పూర్తిగా రాదు. మీరు ఎండిన ధాన్యానికి బస్తాకు 2,000 ఇవ్వగలిగితే, ఎండబెట్టే కూలి నాకు గిట్టుతుంది.

మర_బియ్యం
ఎనిమిది బస్తాలకు 16,000, ఆడించే ఖర్చు, రవాణా కలుపుకున్నా, కొట్లో అదే బరువు బియ్యానికి పదిహేను సంచులు కొంటే అయ్యే 21,750 రూపాయల కన్నా తక్కువే. తవుడు, నూకలు మీకే మిగులుతాయి.

రొయ్యల_చెరువు
లెక్క కాగితం మీద బాగుంది. తుపాను వచ్చి చేను పోతే ఆ అరవై వేలు ఎవరు భరిస్తారు? మొదటి ఏడాది సంబరంగా ఇస్తారు, ఒక్కసారి పోతే రెండో ఏడాది ఎవరూ ముందుకు రారు. మా ఊరి పల్లపు భూములను చెరువులుగా ఎందుకు మార్చామో మీరెవరూ అడగరు కాబట్టి నేనే చెబుతాను. మురుగు కాలువలు పూడిపోయి సార్వా ప్రతి ఏటా మునుగుతుంటే వరి ఎంతకాలం వేస్తాము? 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించింది సరదాకు కాదు.

కోనసీమ_కొబ్బరి
చెరువులు తవ్వినవారి కష్టం మాకూ తెలుసు. కాని మీ చెరువులోని ఉప్పు నీరు ఊరి పక్క చేలలోకి ఊరుతున్నప్పుడు నష్టం మీ ఒక్కరిది కాదు. మా దొడ్లోని నుయ్యి నీరు ఉప్పబడి నాలుగేళ్లయింది. కొబ్బరి చెట్ల ఆకులు మాడిపోతున్నాయి. 1996 నవంబరు 6 తుపానుకు మా తోట సగానికి పైగా నేలకూలితే, మా నాన్నగారు మళ్లీ నాటి పెంచిన చెట్లు అవి. ఆ చెట్టు కాయను పచ్చడి చేసుకుని తినడం కన్నా స్థానిక ఆహారం మాకింకేమి ఉంటుంది?

రొయ్యల_చెరువు
ఉప్పు నీరు ఊరే మాట నిజం. మా చెరువుల మధ్య నుండి పోయే బోదెను, అంటే పిల్ల కాలువను, వెడల్పు చేసి, నీరు నేరుగా మురుగు కాలువలోకి పోయేలా చేయాలని మేము అనుకుంటూనే వాయిదా వేస్తున్నాము. అది మా తప్పే.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మేము పెంచే వనామీ రొయ్య ఎక్కువగా అమెరికా వెళుతుంది. 2025 ఆగస్టులో అక్కడ మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మా ఊళ్లో చాలామంది పట్టుబడి, అంటే చెరువులో రొయ్య పట్టడం, ఆపేశారు. ఇంత రొయ్య పండే ఊళ్లో వారానికి ఒక రోజైనా కిలో చొప్పున తూచి ఇచ్చే దుకాణం లేదు. మా పిన్ని కూడా రొయ్యలు కావాలంటే భీమవరం వెళ్లి కొనుక్కుంటుంది. కాబట్టి నన్ను కూడా మీ పన్నెండు ఇళ్ల లెక్కలో వేసుకోండి, నెలకొకసారి పది కిలోలు పట్టుబడి ధరకే ఇస్తాను.

గంప_చేప
రొయ్యలు ఇస్తామన్నవారికి సంతోషం. అయితే గోదావరి వాళ్లకు చేప అనగానే పులస తప్ప ఇంకొకటి గుర్తుకు రాకపోవడం నాకు బాధగా ఉంటుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత పుణ్యమా అని, వరద నెలల్లో పడే ఆ కొద్ది చేపలకు వేలంపాటలు పాడుతున్నారు. ఏడాది పొడుగునా మా గంపలో ఉండే జెల్లలు, బొమ్మిడాయిలు, మట్టగిడసలను బేరం చేసేవారు తగ్గిపోయారు. కాలువల్లో ఈ చిన్న చేపలు కూడా తగ్గాయి. చేలలో కొట్టే మందులు, చెరువుల్లో నుండి వదిలే నీళ్లు కాలువలోకే వస్తాయి కదా. శీతాకాలం మొదట్లో ఏరు సముద్రంలో కలిసే మొగల్లో చీరమేను అనే బుల్లి చేప పడుతుంది, చింతచిగురు దొరికినప్పుడు చింతచిగురు, లేకపోతే మామిడికాయ వేసి వండుకోండి. అది తిన్నవారు మళ్లీ నన్ను వెతుక్కుంటూ వస్తారు.

కంద_బచ్చలి
చీరమేను గారెలు మరిచిపోయారు అక్కా!

గంప_చేప
గారెల సంగతి చెబితే నా గంప ఊరి మొదట్లోనే ఖాళీ అవుతుంది, అందుకే చెప్పలేదు.

లంక_వంగతోట
ఏటి మధ్య లంకలో మేము వంకాయ, దొండ, బీర, మిరప పండిస్తాము. తెల్లవారుజామున కోసి, పంటు మీద ఏరు దాటించి, పట్నం మార్కెట్టులో వేలానికి పెడతాము. అక్కడ కొన్న వంకాయే మధ్యాహ్నానికి మా రేవు పక్క ఊరి కొట్లోకి తిరిగి వస్తుంది. కిలోకు మాకు దక్కినది ఎంతో, మీరు ఇచ్చినది ఎంతో ఎప్పుడైనా పక్కపక్కన పెట్టి చూడండి. 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలైనప్పుడు మా నాన్నగారు రోజూ వెళ్లి స్వయంగా అమ్మేవారు. చేలో కూలీలు లేని రోజున రైతు బజారులో కూర్చోవడం మా వల్ల కాదు. మీరు రేవు దగ్గరికి వారానికి రెండు రోజులు బండి పంపితే, కోసిన గంటలో కూరలు మీ ఊళ్లో ఉంటాయి.

ఒక్క షరతు. జూలై, ఆగస్టు నెలల్లో వరద వస్తే మా లంక మునుగుతుంది. 1986 ఆగస్టు వరదలో మా తాతగారి ఇల్లే కొట్టుకుపోయింది. ఆ రోజుల్లో వంకాయ లేదని మమ్మల్ని వదిలేసి మళ్లీ కొట్టుకు వెళ్లిపోతే మాకు ప్రయోజనం లేదు.

కంద_బచ్చలి
వరద నెలల్లో మా అమ్మమ్మ వంటిల్లు ఎలా నడిచేదో చెబుతాను. మెరక దొడ్లో కంద, చేమ, పెండలం, బొంత అరటి ఉండేవి. పందిరి మీద బచ్చలి, గోడ పక్కన తోటకూర, ములగ చెట్టు. వేసవిలో ఎండబెట్టిన వంకాయ వరుగులు, ఊరగాయలు. పనస కాయల కాలంలో పొట్టు కొట్టి ఆవ పెట్టి వండేది. ప్రతి నెలకూ ఒక కూర పేరు ఉండేది, ఏడాదంతా ఒకే కూర దొరకాలని ఆవిడ ఎప్పుడూ కోరుకోలేదు. ఇప్పుడు మనం జూలైలోనూ వంకాయ కావాలంటాము కాబట్టే దూరం నుండి లారీ రావలసి వస్తోంది. ఇంటికొక కంద దుంపైనా నాటుకోండి, అడుగు నేల చాలు.

మియాపూర్_గోదారి
నేను హైదరాబాదులో ఉంటాను. మా ఊరు తణుకు పక్కన. పనస పొట్టు, స్వర్ణ బియ్యం, పూతరేకులు ఎవరైనా పంపగలిగితే నెలనెలా డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

మక్తా_రైతు
అన్నయ్యా, అక్కడికి పంపితే అది మళ్లీ లారీ ఎక్కినట్టే కదా. మీ నాన్నగారి భూమి ఊళ్లో ఎవరో ఒకరు కౌలుకు చేస్తూనే ఉంటారు. ఆ కౌలుదారు కార్డు మీద మీ ఇంటివారు సంతకం పెట్టారో లేదో కనుక్కోండి.

మియాపూర్_గోదారి
అడిగాను. పెట్టలేదు. భూమి పోతుందేమోనని మా నాన్నగారు భయపడ్డారు. సాగు చేసుకునే హక్కు తప్ప భూమి మీద యాజమాన్యం కౌలుదారుకు రాదని ఆ చట్టాన్ని ఆయనకు ఫోనులో చదివి వినిపించాను. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆయనను దగ్గరుండి తీసుకువెళ్లి సంతకం చేయిస్తాను.

బడి_మేష్టారు
ఈ చర్చలో ఇప్పటి వరకు వచ్చిన మాటల్లో నాకు అన్నిటికన్నా విలువైనది ఈ సంతకమే. కలిసి భోంచేసే మాట కూడా కొంచెం మాట్లాడుకుందాము. పి.గన్నవరం దగ్గర వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు కూడా వండి పెట్టిన డొక్కా సీతమ్మ గారు 1909లో కాలం చేశారు. ఇన్నేళ్ల తరువాత, ఇప్పుడు మా బడిలో మధ్యాహ్న భోజనం ఆమె పేరుతోనే పెడుతున్నాము. మేము బడి ఆవరణలో పిల్లలతో తోటకూర, గోంగూర వేయించి, కోసిన రోజున పప్పులో వేయిస్తాము. ఇంట్లో ఆకుకూర ముట్టని పిల్లలు ఆ రోజు మారు వడ్డించమని అడుగుతారు.

పేట_అమ్మాయి
మేష్టారూ, పిల్లలు ఒకే వరసలో కూర్చుంటారు. పెద్దల సంగతి అలా లేదు. మా అమ్మ నలభై ఏళ్లుగా నాట్లు వేస్తోంది. మీరు ఊరి పంట అంటున్నదానిలో ఆమె చేయి పడని మడి ఉండదు. కొన్నేళ్ల కిందట మా ఊళ్లో అందరూ కలిసి భోజనం చేద్దామని చాటింపు వేసి, మా పేటకు మాత్రం అన్నం, సాంబారు క్యారేజీలలో సర్ది పంపించారు. మా అమ్మ ఆ క్యారేజీ మూత తీయలేదు. కార్తీక మాసంలో వనభోజనాలు కూడా ఏ కులానికి ఆ కులం విడివిడిగా చేసుకోవడమే నేను చూస్తున్నాను. మీరు రామాలయం దగ్గర భోజనాలు అని రాశారు. మా పేట నుండి ఎంతమంది అక్కడికి వచ్చి ధైర్యంగా కూర్చుంటారో ఆలోచించారా?

డబ్బు మాట కూడా ఉంది. మా ఇళ్లలో ఎక్కువ మంది రేషను బియ్యమే తింటారు. ఒకేసారి ఐదు వేలు తీయలేము. మా వాటాను పని రోజులుగా లెక్క కట్టండి. వెనుకటి రోజుల్లో కోత కూలి గింజల రూపంలోనే ఇచ్చేవారని, ఇంట్లో ధాన్యం ఉన్న ఏడాది ధైర్యంగా ఉండేదని మా అమ్మ చెబుతుంది.

కాలువగట్టు_ఇల్లు
మీ మాట చదివి రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. పన్నెండు కుటుంబాలు అని లెక్క వేసినప్పుడు నేను మా వీధి వరకే చూశాను, అది పొరపాటు. నిన్న సాయంత్రం మా వీధివారందరినీ కూర్చోబెట్టి మీరు రాసినది చదివి వినిపించాను. ఇద్దరు మాకు వద్దని లేచి వెళ్లిపోయారు. వారిని బతిమాలలేదు. మా ఊరి పేటకు నేనే వెళ్లి మాట్లాడాను. ఏడు కుటుంబాలు చేరుతామన్నాయి, అందులో ఐదు పని రోజుల లెక్క మీద. భోజనాలు రామాలయం దగ్గర కాదు, ఆదివారాలు బడి ఆవరణలో. వండేది ఒక నెల మా వీధి, ఒక నెల పేట, భోజనానికి కూర్చునే బంతి మాత్రం ఒక్కటే.

మార్టేరు_పాత_ఉద్యోగి
అయితే పదిహేడు ఇళ్లు, 136 బస్తాలు. నాలుగున్నర ఎకరాలు చూసుకోండి. పల్లపు మడులుంటే మునకను తట్టుకునే స్వర్ణ సబ్ 1 విత్తనం అడగండి. మందులు లేని సాగు కావాలని మొదటి ఏడాదే పట్టుబట్టవద్దు. 2016 నుండి రైతు సాధికార సంస్థ వారు ప్రకృతి వ్యవసాయం నేర్పుతున్నారు, ముందు ఒక ఎకరంలో చేసి చూస్తే రైతుకు భయం పోతుంది.

రొయ్యల_చెరువు
తుపాను ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

మక్తా_రైతు
నేను చెబుతాను. పంట పూర్తిగా పోతే ముందుగా ఇచ్చిన డబ్బులో సగం మీ నష్టం, సగం నా మీద బాకీగా తరువాతి పంటలో ధాన్యంగా తీరుస్తాను. ఇది కాగితం మీద రాసుకుందాము. ఇప్పటి వరకు మొత్తం నష్టం నేనొక్కడినే మోశాను కాబట్టి, సగమైనా పంచుకునేవారు దొరికితే నాకు చాలు.

పేట_అమ్మాయి
తుపాను మరునాడు పడిన చేను కట్టలు కట్టడానికి పదిహేడు ఇళ్ల నుండి మనిషికొకరు రావాలని కూడా ఆ కాగితంలో రాయండి.

కాలువగట్టు_ఇల్లు
రాశాము. ఇప్పుడు కోతలు నడుస్తున్నాయి కాబట్టి, తుపానుకు నిలబడిన చేలలో ముప్పై బస్తాల స్వర్ణ ధాన్యం ఈ వారం కొని, బడి పక్కన డ్వాక్రా భవనం గదిలో నిల్వ పెడుతున్నాము. వేసవికి అవి పాతబడతాయి. వచ్చే సార్వా నాట్లలోపే ముందస్తు పైకం, పని రోజుల లెక్క వారు తప్ప, అందరి దగ్గరా వసూలవుతుంది. మొదటి భోజనం వచ్చే నెల రెండో ఆదివారం: కంద బచ్చలి కూర, దొండకాయ వేపుడు, కొబ్బరి పచ్చడి, రొయ్యల ఇగురు, కర్పూర అరటిపళ్లు. పాత స్వర్ణ బియ్యం మాత్రం మా దగ్గర లేవు.

కంద_బచ్చలి
నా దగ్గర రెండు బస్తాల పాత బియ్యం ఉన్నాయి. శనివారం ఆచంట నుండి ఆటోలో వేయిస్తాను. కంద దుంపలు ఎన్ని కిలోలు కావాలో చెప్పండి.